నిండుకుండ తొణకదు.. సగం ట్యాంకు ఊరుకోదు

ఇంటికొచ్చి కార్లు కడిగే వ్యాను, డాబా మీద సోలార్ ప్యానెళ్లు తుడిచే వ్యాను, సోఫాలూ సంపులూ శుభ్రం చేసే వ్యాను.. వీటిలో ఏదో ఒకటి ఈమధ్య మీ వీధికి వచ్చే ఉంటుంది. ఒంటి నిండా రంగురంగుల స్టిక్కరు, దాని మీద పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు. ఈసారి వచ్చినప్పుడు ఒక పని చేయండి. వెనక డోరు తీసినప్పుడు లోపలికి ఒకసారి తొంగిచూడండి. నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి కనిపిస్తుంది. దాన్ని దేంతో కట్టారో చూడండి.

నేను గత కొన్ని నెలల్లో ఇలా ఇరవై దాకా వ్యాన్లలోకి తొంగిచూశాను. ఎక్కువ వాటిలో కనిపించింది నైలాన్ తాడు. కొన్నింట్లో అదీ లేదు. ట్యాంకుకి అటో ఇటుక, ఇటో పాత టైరు. ఎందుకిలా అని అడిగితే ఒక కుర్రాడు నవ్వేశాడు. "ఐదొందల కిలోలుంది బ్రో.. అంత బరువు ఎక్కడికి కదుల్తుంది?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏడాది కిందటి దాకా నేనూ అదే అనుకునేవాణ్ని.

నేను చదివింది మెకానికల్ బీటెక్. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తీరిక దొరికితే ఫోన్లు, గ్యాడ్జెట్ల మీద బ్లాగు రాస్తుంటాను. ఫోను ఏ మూల మీద పడితే అద్దం పగులుతుందో వివరిస్తూ పేజీలకు పేజీలు రాసినవాణ్ని. మా పెదనాన్న కొడుకు వ్యానులో నీళ్ల ట్యాంకు ఎలా నిలబడిందో మాత్రం ఒక్కసారి కూడా వంగి చూడలేదు. ఈ వ్యాసం ఆ తప్పు గురించే.

వ్యాను ఆగింది.. ట్యాంకు ఆగలేదు

అన్నయ్యది విజయవాడ. ఉద్యోగం మానేసి సెకండ్ హ్యాండ్ వ్యాను ఒకటి కొన్నాడు. అపార్ట్‌మెంట్లకి వెళ్లి కార్లు కడగడం, ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు శుభ్రం చేయడం వాడి పని. బుకింగ్ యాప్ నేనే చేసిచ్చాను. స్టిక్కర్ డిజైనూ నాదే. డాబాల మీద పెట్టుకునే 500 లీటర్ల ట్యాంకునే తెచ్చి, వెనక సీట్లు తీసేసిన చోట పెట్టి, పాత సీటు కొక్కేలకి తాడుతో కట్టేశాడు. మొదటిరోజు కొబ్బరికాయ కొట్టాం. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం. తాడు పట్టుకుని ఒకసారి లాగి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఒకరోజు సాయంత్రం పని ముగించుకుని తిరిగి వస్తున్నారు. ట్యాంకులో ఇంకో 200 లీటర్లు మిగిలి ఉన్నాయి. వేగం 40 కిలోమీటర్లు ఉంటుందేమో. ముందు పోతున్న ఆటో, ఎవరో చెయ్యెత్తితే, ఉన్నట్టుండి రోడ్డు మధ్యలో ఆగింది. అన్నయ్య బ్రేకు తొక్కాడు. వ్యాను ఆటోకి జానెడు దూరంలో ఆగింది. ట్యాంకు మాత్రం ఆగలేదు. తాడు తెంచుకుని ముందుకు జారి, ఎడమ సీటు వీపుని వెనక నుంచి గుద్దింది.

ఆ సీట్లో ఉన్నది అన్నయ్య దగ్గర పనిచేసే కుర్రాడు. పందొమ్మిదేళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేసి పనిలో చేరాడు. కాలరెముక విరిగింది. రెండు నెలలు బకెట్ కూడా ఎత్తకూడదన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో వాడి పక్కన కూర్చుని "ఆ ట్యాంకు ముందు కూర్చోవడానికి నీకు ఎప్పుడూ భయం వేయలేదా?" అని అడిగాను. వాడన్న మాట నాకింకా చెవిలో ఉంది.

"మీరు ఇంజనీరు కదన్నా.. చూసే ఉంటారనుకున్నా."

బరువు ఉంటే కదలదా?

ఆ రాత్రి ఇంటికెళ్లి, బీటెక్ మొదటి సంవత్సరంలో నేర్చుకున్న లెక్కలే వేసుకున్నాను. మీరూ వేయొచ్చు. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

లీటరు నీరు కిలో బరువు. 500 లీటర్ల ట్యాంకు నింపితే ఐదు క్వింటాళ్లు. అంటే పది బస్తాల బియ్యం. పొడి తారురోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కితే, లోపలున్న వస్తువు తన బరువులో సుమారు 80 శాతం బలంతో ముందుకు పోతుంది. 500 కిలోలకు అది 400 కిలోల తోపు. నున్నటి ప్లాస్టిక్ అడుగు, తడిసిన ఇనుప రేకు. వీటి మధ్య రాపిడి మహా అయితే బరువులో ఐదో వంతు అనుకుందాం. అది 100 కిలోలు ఆపుతుంది. మిగిలిన 300 కిలోలు ఎవరు ఆపాలి? ఆ నైలాన్ తాడు. దాని ముడి. ఆ ముడి వేసిన పాత కొక్కెం.

"బరువు ఎక్కువ కాబట్టి కదలదు" అన్నమాట ఇక్కడే తప్పుతుంది. బరువు పెరిగితే రాపిడి పెరిగే మాట నిజమే. కానీ తోపు కూడా సరిగ్గా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఖాళీ ట్యాంకు ఏ బ్రేకుకి జారుతుందో, నిండు ట్యాంకూ ఆ బ్రేకుకే జారుతుంది. తేడా ఒక్కటే. ఖాళీది తగిలితే దెబ్బ, నిండుది తగిలితే ఆస్పత్రి.

ఇది బ్రేకు సంగతి. ఇక గుద్దుకుంటే? వేగాన్ని ఎత్తులోకి మార్చి చూడండి, తేలిగ్గా అర్థమవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దితే, లోపల వదులుగా ఉన్న ట్యాంకు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఒక అంతస్తు పైనుంచి మీ వీపు మీద పడ్డట్టు. 50లో అయితే దాదాపు పది మీటర్లు, మూడంతస్తులు. 80లో అయితే పాతిక మీటర్లు, ఎనిమిది అంతస్తులు. ఎనిమిదో అంతస్తు నుంచి పడే నీళ్ల ట్యాంకు కింద మీరు కుర్చీ వేసుకుని కూర్చుంటారా? రోజూ కూర్చుంటున్నాం. సీటు బెల్టు కూడా పెట్టుకుని మరీ!

ఇంకో సంగతి. మా ట్యాంకుకీ సీటుకీ మధ్య రెండడుగుల ఖాళీ ఉండేది. పైపులు పెట్టుకోవడానికి బాగుంటుందని వదిలాం. కానీ జారే వస్తువుకి ఆ ఖాళీయే పరుగెత్తే జాగా. ఆ రెండడుగుల్లోనే ట్యాంకు మనిషి జాగింగ్ చేసేంత వేగం అందుకుంటుంది. రెండు క్వింటాళ్ల పైనున్న మనిషి పరుగెత్తుకొచ్చి వెనక నుంచి గుద్దాడనుకోండి. మావాడి భుజానికి జరిగింది అదే. అసలు ఖాళీయే లేకపోతే, ట్యాంకు నెట్టేది కానీ గుద్దేది కాదు.

పాలాయనకు తెలిసిన ఫిజిక్స్

నిండుకుండ తొణకదు అంటారు పెద్దలు. మనుషుల గురించి చెప్పిన మాటే గానీ ఇందులో ఫిజిక్స్ నూటికి నూరుపాళ్లు ఉంది. అంచుదాకా నిండిన ట్యాంకులో నీటికి కదిలే చోటు ఉండదు. అది ఒక బండరాయిలా ఉంటుంది. సగం నిండితే మాత్రం లోపల అల లేస్తుంది. బ్రేకు వేస్తే ముందుకి, వదిలితే వెనక్కి. మలుపు తిప్పితే పక్కకి.

మీటరూ ఇరవై సెంటీమీటర్ల పొడవున్న ట్యాంకులో 40 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లున్నాయనుకోండి. అందులో అల ఒకసారి అటు పోయి ఇటు రావడానికి దాదాపు సెకనున్నర పడుతుంది. గుంత తప్పించడానికి మీరు స్టీరింగ్ ఎడమకి తిప్పి, మళ్లీ కుడికి తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఇంచుమించు అంతే. ఊయలను సరైన సమయంలో నెట్టితే ఎలా పైకి లేస్తుందో, మీ స్టీరింగ్ లోపలి అలను అలా పెంచుతుంది. వ్యాన్లు అసలే పొడుగు, వెడల్పు తక్కువ. వ్యాను కుడికి తిరగాలనుకునే వేళకి నీళ్లు ఎడమ గోడని తంతాయి. "ఎవరో వెనక నుంచి బండి లాగినట్టు ఉంటుంది" అని అన్నయ్య అప్పుడప్పుడూ అనేవాడు. నేను అలైన్‌మెంట్ చేయించమని సలహా ఇచ్చాను!

దీనికి మందు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. సైకిలుకి క్యాన్లు తగిలించుకుని వచ్చే పాలాయన మూత కింద గడ్డి కుక్కేవాడు, గుర్తుందా? పాలు తొణక్కుండా ఆ గడ్డి అలను విరగ్గొట్టేది. రోడ్డు మీద తిరిగే పెద్ద ట్యాంకర్ల లోపల చిల్లులున్న అడ్డపలకలు వేస్తారు. బాఫిల్ ప్లేట్లు అంటారు వాటిని. పని అదే, గడ్డి బదులు ఇనుము. ట్యాంకుని రెండు గదులుగా చేస్తే అల పొడవు సగమవుతుంది, ఊపు తగ్గుతుంది, బండి మీద దాని పెత్తనం పోతుంది. డాబా మీద పెట్టే ట్యాంకులో ఈ పలకలు ఉండవు. ఎందుకుంటాయి? అది కదలకుండా కూర్చోవడానికి చేసిన వస్తువు. దాన్ని బండెక్కించింది మనం.

ఆటోనగర్‌లో రెండో చదువు

వ్యాను మళ్లీ రోడ్డెక్కించే ముందు అన్నయ్యా నేనూ ఆటోనగర్ వెళ్లాం. లారీ బాడీలు కట్టే ఒక మేస్త్రీకి ట్యాంకు, తాడు ఉన్న పాత ఫొటో చూపించాం. ఆయన ఫొటో వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూశాడు.

"తాడు నిలబడ్డదాన్ని నిలబెట్టుద్ది బాబూ. కదిలేదాన్ని ఆపదు" అన్నాడు.

నాలుగేళ్ల డిగ్రీ ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆయన అనుభవం, నా లెక్కలు కలిపి మేం చేసిన పనులు ఇవి. మీరు ఇలాంటి వ్యాను పెట్టాలనుకుంటే దీన్ని కత్తిరించి దాచుకోండి.

మొదట బరువు. మీ ఆర్‌సీ తీయండి. అందులో గ్రాస్ వెయిట్ అనో లేడెన్ వెయిట్ అనో ఒక అంకె, అన్‌లేడెన్ వెయిట్ అని ఇంకో అంకె ఉంటాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. మిగిలిందే మీరు మోయగలిగిన బరువు. అన్‌లేడెన్ వెయిట్‌లో డ్రైవరు బరువు కలిసి ఉండదు. కాబట్టి నీళ్లతో పాటు మీ బరువు, మీ కుర్రాడి బరువు, ట్యాంకు, ఫ్రేము, పంపు, జనరేటరు, పైపులు అన్నీ ఆ మిగిలినదాంట్లోనే సర్దుకోవాలి. ఈ లెక్క వేశాక మేం 500 లీటర్లు వదిలేసి 300 లీటర్ల ట్యాంకుకి దిగాం. ప్రెషర్ వాషర్‌తో మాకు కారుకి యాభై, అరవై లీటర్లు అవుతున్నాయి. 300 అంటే ఐదు కార్లు. ఐదు కార్ల తర్వాత ఎలాగూ టీ తాగుతారు, అప్పుడే నింపుకోవచ్చు.

రెండోది ట్యాంకు ఆకారం. పొడుగ్గా గుండ్రంగా ఉన్నది వద్దు. వెడల్పుగా, పొట్టిగా, లోపల అడ్డపలకలున్నది తీసుకోండి. బరువు నేలకి ఎంత దగ్గరగా ఉంటే బండి అంత నిలకడగా ఉంటుంది.

మూడోది చోటు. డ్రైవరు సీటు వెనక ఇనుప పార్టిషన్ పెట్టించి, దానికి ట్యాంకుని ఆనించండి. మధ్యలో వేలు పట్టేంత సందు కూడా వద్దు. బరువు మొత్తం వెనక ఇరుసుకి వెనకవైపు పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ తేలిపోతుంది. ఎడమ కుడులకి సరిగ్గా మధ్యలో ఉండాలి.

నాలుగోది బిగింపు. అసలు కథ ఇదే. ట్యాంకు చుట్టూ ఇనుప ఛానల్‌తో పంజరం లాంటి ఫ్రేము కట్టించాం. ఫ్రేముని ఫ్లోరుకి బోల్టులతో బిగించాం. ఇక్కడ చాలామంది బోల్టు లావు గురించి ఆలోచిస్తారు. తల మీద 8.8 అని అచ్చు ఉన్న 12 ఎంఎం బోల్టు నిలువునా లాగితే నాలుగు టన్నులకు పైనే ఓర్చుకుంటుంది. బలహీనమైంది బోల్టు కాదు, వ్యాను ఫ్లోరు రేకు. చిన్న వాషరు వేసి బిగిస్తే గుద్దుకున్నప్పుడు బోల్టు తెగదు. రేకుని కాగితంలా చింపుకుని వాషరుతో సహా పైకి వచ్చేస్తుంది. అందుకే రేకు కింద అరచేయంత మందపాటి ఇనుప ప్లేటు వేసి, దాని కింద నట్టు బిగించాలి. వీలైనచోట ఫ్లోరు కింద పోయే ఛాసిస్ మెంబరుతో కలిపి పట్టించాలి. ఊడని నైలాక్ నట్లు వాడాలి. కోసిన ప్రతి అంచుకి రెడాక్సైడ్ పూయాలి. నీళ్లతో పని కదా, తుప్పు తినేస్తే పైకి తెలియదు.

డ్రిల్లు పెట్టేముందు బండి కిందకి దూరి చూడాలి. పెట్రోలు ట్యాంకు, సీఎన్‌జీ సిలిండరు, బ్రేకు పైపులు, వైర్లు అన్నీ అక్కడే ఉంటాయి. పైనుంచి అంచనా వేసి రంధ్రం పెట్టడం జూదం.

ఐదోది బెల్టులు. ఫ్రేములో ట్యాంకు ఎగరకుండా పైనుంచి రాచెట్ బెల్టులు వేశాం. బెల్టు మీద కుట్టిన లేబుల్ ఉంటుంది. ఎంత లాగుడు ఓర్చుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది. లేబుల్ లేని బెల్టు తాడుతో సమానం. బెల్టు కొక్కేన్ని ఫ్రేముకే తగిలించాలి. సీటు బోల్టుకో, డోరు హ్యాండిల్‌కో కాదు. మన ఎండల్లో ప్లాస్టిక్ ట్యాంకు మెత్తబడి కొంచెం లోపలికి నొక్కుకుంటుంది. పొద్దున బిగువుగా ఉన్న బెల్టు మధ్యాహ్నానికి వదులవుతుంది. అందుకే రోజుకి రెండుసార్లు చూడాలి. అంచు దగ్గర పోగులు లేస్తే బెల్టు మార్చేయాలి. పంపు, ప్రెషర్ వాషర్, పైపు చుట్టే రీలు కూడా ఇలాగే బిగించాలి. పాతిక కిలోల మోటారు ఎగిరినా తల పగులుతుంది.

ఆరోది డ్రైవింగ్. దూరం వెళ్లాలంటే ట్యాంకు పూర్తిగా నింపండి, లేదా పూర్తిగా వదిలేయండి. సగంతో తిరగడమే అన్నిటికన్నా చెడ్డది. నిండుగా ఉన్నప్పుడు బండి ఆలస్యంగా ఆగుతుందని గుర్తుపెట్టుకుని ముందు బండికి ఎడం పెంచండి. కొత్తగా బిగించాక పది కిలోమీటర్లు తిప్పి, ఆపి, ప్రతి నట్టునీ మళ్లీ స్పానర్‌తో పట్టుకుని చూడండి.

ఎంత బిగిస్తే చాలు?

దీనికి నేను కొత్తగా కొలత కనిపెట్టక్కర్లేదు. బ్రిటన్‌లో ఎత్తైన కిటికీలు తుడిచేవాళ్లు ఇలాంటి వ్యాన్లలోనే శుద్ధి చేసిన నీళ్లు తీసుకెళ్లి పొడుగాటి గొట్టం బ్రష్షులతో పనిచేస్తారు. అక్కడ క్రాష్ టెస్టు చేసిన ట్యాంకు ఫ్రేములు అమ్ముతారు. బండిలో సరుకు కట్టడానికి ఆ దేశంలో చాలాకాలంగా చెప్పే సూత్రం ఒకటుంది. ముందువైపు సరుకు మొత్తం బరువుకి సమానమైన బలాన్ని బిగింపు ఓర్చుకోవాలి. పక్కలకీ వెనక్కీ అందులో సగం. 300 కిలోల ట్యాంకు అయితే ముందుకి 300, పక్కకి 150. గుర్తుంచుకోవడం ఎంత తేలికో చూడండి.

ఇది బ్రేకులకీ మలుపులకీ సరిపోయే లెక్క అని మర్చిపోవద్దు. 50 వేగంతో గుద్దుకుని అరమీటరులో ఆగితే బలం బరువుకి ఇరవై రెట్లవుతుంది. 300 కిలోలు ఆరు టన్నులవుతాయి. ఊళ్లో కట్టించుకున్న ఏ ఫ్రేమూ దానికి గ్యారంటీ ఇవ్వలేదు. అందుకే బరువు తగ్గించడం, ఖాళీ లేకుండా పార్టిషన్‌కి ఆనించడం, నెమ్మదిగా వెళ్లడం.. ఈ మూడూ బోల్టులతో సమానమైన రక్షణ.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణల తర్వాత, అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఓవర్‌లోడ్‌కి 20 వేలు, ఆపైన టన్నుకి 2 వేల చొప్పున అదనం. కాబట్టి ప్యాసింజర్ బండి సీట్లు పీకేసి వాడే బదులు, మొదటే సరుకు రవాణాకి రిజిస్టరైన వ్యాను కొనుక్కోవడం మేలు. ఏం బిగించబోతున్నారో ఆర్‌టీఓ ఆఫీసులోనూ, బీమా కంపెనీతోనూ ముందే మాట్లాడండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజునే గుర్తుకొస్తుంది.

"ఇన్నాళ్లూ ఏం కాలేదుగా.."

నేను మాట్లాడిన కుర్రాళ్లందరూ దాదాపు ఇవే చెప్పారు. మొదటిది, "ఇన్నాళ్లూ ఏం కాలేదుగా". మాకూ ఎనిమిది నెలలు ఏం కాలేదు. ఏమీ కాకపోవడం తాడు గొప్పతనం కాదు. ఆ ఎనిమిది నెలల్లో ఏ ఆటో అలా ఆగలేదు, అంతే.

రెండోది, "మేం సిటీలోనే, నెమ్మదిగానే తిరుగుతాం". ముప్ఫైలో ఒక అంతస్తు లెక్క పైన చెప్పాను. పైగా సడన్ బ్రేకులు ఎక్కువ పడేది హైవే మీదా, సిటీలోనా?

మూడోది, "ఖర్చు". ఇది నిజమైన ఇబ్బందే, కొట్టిపారేయను. ఫ్రేము, ప్లేట్లు, బోల్టులు, బెల్టులు, కూలీ కలిపి మాకు పద్దెనిమిది వేలు అయింది. అప్పు తెచ్చి వ్యాపారం మొదలుపెట్టేవాడికి అది చిన్న మొత్తం కాదు. కానీ మొదటిరోజే స్టిక్కరుకి పధ్నాలుగు వేలు పెట్టాం, ఎవరూ ఎక్కువన్లేదు. స్టిక్కరు బయటికి కనిపిస్తుంది, బోల్టు కనిపించదు. డబ్బు సమస్య అంతా ఇక్కడే ఉంది. లేక కాదు, కనిపించనిదానికి పెట్టబుద్ధి కాక.

మరి మనమేం చేయొచ్చు?

ఈ పేజీ చదివేవాళ్లలో సగం మంది ఇంజనీరింగో, డిప్లొమానో, ఐటీఐనో చదువుతుంటారు. మిగతావాళ్లలో కొందరు సొంతంగా ఏదైనా పెడదామని చూస్తుంటారు. ఇద్దరికీ చెబుతున్నా, ఈ పని పెరిగేదే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ల మీద సోలార్. మన దుమ్ముకి ఆ ప్యానెళ్లను కడిగేవాళ్లు కావాలి. ముద్ర కింద పాత అప్పు సరిగ్గా తీర్చినవాళ్లకి పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచారు. వ్యాన్లు ఇంకా వస్తాయి. ప్రతి వ్యానులో ఒక ట్యాంకు, ప్రతి ట్యాంకు ముందు ఒక మనిషి.

నా ఉద్దేశంలో మూడు మార్పులు రావాలి. అప్పు కోసం రాసే ప్రాజెక్టు రిపోర్టులో పంపు, జనరేటరు, బ్రాండింగ్ అన్నిటికీ ఒక్కో లైను ఉంటుంది. నేను చూసినవాటిలో ట్యాంకు బిగింపుకి లైను లేదు. ఆ ఒక్క లైను, దానికో కొటేషను అడిగితే బ్యాంకుకి పోయేదేం లేదు. స్వయం ఉపాధి శిక్షణల్లో మార్కెటింగ్‌తో పాటు ఒక పూట బండిలో బరువు కట్టడం నేర్పాలి. ఇక కాలేజీలు. ఫైనలియర్ ప్రాజెక్టు డబ్బిచ్చి కొనుక్కోవడం మన దగ్గర బహిరంగ రహస్యం. దాని బదులు నలుగురు విద్యార్థులు మీ ఊళ్లో తిరిగే ఒక వ్యాను తీసుకోండి. బరువు తూయండి, అల లెక్క వేయండి, వెల్డింగ్ షాపులో కూర్చుని ఫ్రేము కట్టించండి. దాన్ని లాగి పరీక్షించండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకన్నా మంచి కథ ఉండదు. వ్యాన్లకి తక్కువ ధరలో మంచి ఫ్రేములు చేసివ్వడం దానికదే ఒక వ్యాపారం అని కూడా నా నమ్మకం.

ఇంతకన్నా ముఖ్యమైంది ఒకటుంది. మీ పేరు పక్కన బీటెక్ అని ఉంటే, మీరు అడక్కపోయినా చుట్టుపక్కల వాళ్లు మీ కళ్లని నమ్ముకుంటారు. మేనమామ డాబా మీద ట్యాంకు స్టాండు, పక్కింటి వాళ్ల ఇన్వర్టరు, అన్నయ్య వ్యాను.. "మనవాడు ఇంజనీరు, చూసే ఉంటాడు" అనుకుంటారు. చూడకపోతే ఆ నమ్మకం వాళ్లకి రక్షణ కాదు, ప్రమాదం. యాప్ చేసిచ్చి చేతులు దులుపుకోకండి. ఒకసారి వంగి చూడండి.

మావాడు రెండు నెలల తర్వాత మళ్లీ పనిలోకి వచ్చాడు. వస్తాడనుకోలేదు. కొత్త ఫ్రేము చూపించి, బోల్టులు, ప్లేట్లు, లెక్కలు అన్నీ వివరించాను. అంతా విన్నాడు. తలూపాడు. తర్వాత నన్ను పక్కకి జరగమని, బెల్టు రెండు చేతులా పట్టుకుని, కాలు ఫ్రేముకి తన్నిపెట్టి, బలంకొద్దీ లాగి చూశాడు. ఆ తర్వాతే ముందు సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ అదే చేస్తాడు. నేను చూశానన్నా నమ్మడు. అదే మంచిది.